సంతృప్తి పత్రంపై వేలిముద్ర: కళింగాంధ్రలో గుండె వైద్యం కథ

హృదయమనే మాటకు బృహదారణ్యకోపనిషత్తు ఒక చక్కని వ్యుత్పత్తి చెబుతుంది. మాటను హృ, ద, యం అని మూడక్షరాలుగా విడదీసి మొదటిదానికి తెచ్చుట అనీ, రెండవదానికి ఇచ్చుట అనీ, మూడవదానికి పోవుట అనీ అర్థం చూపుతుంది. అక్కడ ఉద్దేశించినది తాత్త్వికార్థమే అయినా, రక్తాన్ని తెచ్చుకొని, తిరిగి ఇచ్చి, క్షణమాగక సాగిపోయే అవయవానికి ఇంతకంటె తగిన నిర్వచనం దొరకదు. మా శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల గుండెజబ్బు మనిషికి మాత్రం ఈ మూడు క్రియలూ చాలాకాలం మరొక విధంగా అన్వయించాయి. అప్పు తెచ్చుట, ఆసుపత్రికి ఇచ్చుట, ఊరు విడిచి పోవుట!

ఆ అన్వయం ఎంతవరకు మారింది, ఎట్లా మారింది అనేది ఈ వ్యాసంలో చెప్పదలచిన చరిత్ర. దానితో ముడిపడిన ప్రశ్న ఇంకొకటి ఉంది. వైద్యం బాగున్నదని ఎవరు చెప్పాలి? వైద్యుడా, లెక్కలు చూసే అధికారా, మంచం మీద పడుకున్న రోగా? రోగి "బాగానే ఉంది బాబూ" అంటే అది వైద్యానికి యోగ్యతాపత్రం అవుతుందా?

ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. చరకసంహిత సూత్రస్థానం తొమ్మిదవ అధ్యాయం చికిత్సకు నాలుగు పాదాలున్నాయంటుంది: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. ఒక్కొక్క పాదానికి నాలుగేసి గుణాలు. వైద్యునికి శాస్త్రజ్ఞానం, పలుమార్లు చూసిన అనుభవం, దక్షత, శుచిత్వం ఉండాలి. పరిచారకునికి ఉపచారం తెలియడం, నేర్పు, శుచిత్వంతో పాటు రోగి పట్ల అనురాగం ఉండాలట. ఇక రోగికి చెప్పిన నాలుగు గుణాలలో ఒకటి జ్ఞాపకత్వం. తెలుగులో జ్ఞాపకమంటే గుర్తు. ఇక్కడ అర్థం అది కాదు. జ్ఞాపకత్వమంటే తన బాధను ఎదుటివానికి తెలియజేయగలగడం. అంటే రోగి నోరు విప్పడం కూడా చికిత్సలో నాలుగవ పాదంలోని భాగమే అన్నమాట. వినేవాడు లేనిచోట ఆ పాదం కుంటుపడుతుంది.

ఆధునికులలో ఈ విషయాన్ని శాస్త్రంగా మలచినవాడు అవెడిస్ డొనబీడియన్. బేరూతులో పుట్టిన ఆర్మీనియా కుటుంబీకుడు, అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. 1966లో ప్రకటించిన వ్యాసంలో వైద్యం నాణ్యతను మూడు కోణాల నుంచి చూడాలన్నాడు. ఆసుపత్రికి ఏమేమి ఉన్నాయి అన్నది నిర్మాణం. రోగికి ఏమి చేశారు, ఎట్లా చేశారు అన్నది ప్రక్రియ. చివరకు రోగి ఏమయ్యాడు అన్నది ఫలితం. ఆయన 2000లో మరణించాడు. అంతకు ముందు, తానే కాన్సరు రోగిగా మంచం పట్టి ఉన్న దశలో ఇచ్చిన ముఖాముఖిలో, నాణ్యతకు మూలం చివరకు ప్రేమే అన్న భావాన్ని వెల్లడించాడు. చరకుడు పరిచారకునికి విధించిన అనురాగమూ ఇదే కద!

ఈ కొలతలు చేతపట్టుకొని మా ప్రాంతానికి వద్దాం.

నేటి శ్రీకాకుళం 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు గంజాం జిల్లాలో ఉండేది. దొరల కాగితాలలో దాని పేరు చికాకోల్. తరువాత విశాఖపట్నం జిల్లాలో కలిసి, 1950 ఆగస్టు 15న ప్రత్యేక జిల్లా అయింది. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న పుట్టింది. కనుక ఈ రెండు జిల్లాల వైద్యచరిత్ర మొదటి అధ్యాయమంతా విశాఖపట్నంలోనే జరిగింది. అక్కడ 1923లో వైద్యకళాశాల మొదలయింది. అదే తరువాత ఆంధ్ర వైద్యకళాశాల అయింది. కింగ్ జార్జి ఆసుపత్రి కూడా ఆ ఏడే తలుపులు తెరిచింది. మావాళ్ల నోట దాని పేరు "పెద్దాసుపత్రి". ఇచ్ఛాపురం మొదలు సాలూరు వరకు ఎవరికి ప్రాణం మీదికి వచ్చినా చివరి చూపు దానివైపే.

విజయనగరంలో ఘోషాసుపత్రి అని ఒకటి ఉంది. ఘోషా అంటే పరదా. పరపురుషుని కంట పడరాదన్న కట్టుబాటులో బ్రతికిన స్త్రీలు మగ వైద్యుని ముందు చేయి చాపరు. అందుకని వారికి వేరే ఆసుపత్రులు కట్టవలసి వచ్చింది. రోగి మనసుకు సరిపడని వైద్యం రోగికి అందదని ఆనాటివారు గ్రహించారనడానికి ఆ పేరే సాక్ష్యం. రోగి సంతృప్తి అన్న మాట పుట్టకముందే దాని కోసం గోడలు లేచాయి.

అయితే ఆ రోజులలో గుండెకు చేయగలిగిందెంత? ఫ్రాన్సులో లెన్నెక్ 1816లో స్టెతస్కోపు కనిపెట్టాడు. అంతకుముందే 1785లో ఇంగ్లండులో విదరింగు డిజిటాలిస్ ఆకు గుణం గురించి గ్రంథం వెలువరించాడు. గుండె విద్యుత్తును గీతలుగా చూపే ఈ.సీ.జీ. విద్యకు గాను హాలండు దేశస్థుడు ఐంథోవెనుకు 1924లో నోబెల్ బహుమానం వచ్చింది. వినడం, గీత తీయడం, నాలుగు చుక్కల మందు, మంచం మీద విశ్రాంతి: శతాబ్దపు పూర్వార్ధంలో జిల్లా రోగికి దక్కగలిగినది ఇంతే. శస్త్రచికిత్స ఊసే లేదు. బిగుసుకుపోయిన మైట్రల్ కవాటాన్ని వేలితో విప్పే శస్త్రచికిత్స అమెరికాలో, ఇంగ్లండులో 1948లో గాని నిలదొక్కుకోలేదు.

ఆ కవాటం మాట ఎత్తడానికి కారణముంది. పట్నం వారి గుండెజబ్బు వేరు, పల్లె గుండెజబ్బు వేరు. కొవ్వు పేరుకొని రక్తనాళాలు పూడిపోవడం నడివయసు జబ్బు. పేదపిల్లల గుండెను తినేది కీళ్లవాతపు జ్వరం. ఇరుకు ఇళ్లలో ఒకరి నుంచి ఒకరికి సోకే గొంతునొప్పి నుంచి అది మొదలవుతుంది. కీళ్లు వాస్తాయి, తగ్గిపోతాయి. ఇంట్లోవారు మరచిపోతారు. జబ్బు మాత్రం మరచిపోదు. పోయి గుండె కవాటాల మీద కూర్చుంటుంది. బడిలో నలుగురితో పరుగెత్తలేక ఆగిపోయే పిల్లను, మెట్టెక్కితే ఎగశ్వాస పెట్టే పిల్లవాణ్ణి చూడని పల్లెటూరి ఉపాధ్యాయుడు మా తరంలో ఉండడు. "ఆయాసపు పిల్ల" అని పేరు పెట్టి ఊరుకునేవారు.

ఇక రెండవ అధ్యాయం యాత్రల కాలం. మనదేశంలో గుండెను తెరిచి చేసే శస్త్రచికిత్స 1960ల ఆరంభంలో మొదలయింది. రాయవేలూరు క్రైస్తవ వైద్యకళాశాల అందులో ముందువరుసలో నిలిచింది. అప్పటి నుంచి మావైపు గుండెజబ్బు అనగానే "రాయవేలూరు తీసుకుపోండి" అనే మాట పుట్టింది. ఆమదాలవలసలో రైలెక్కినవారు కాట్పాడిలో దిగాలి. మధ్య దూరం తొమ్మిది వందల కిలోమీటర్లకు పైబడే. ఒక మనిషి జబ్బుకు ఇద్దరు మనుషులు తోడు, నెలరోజుల గదిఅద్దె, అమ్ముకున్న అరెకరం. కాశీకి పోయేవారిని సాగనంపినట్టు ఊరంతా సాగనంపేది.

అక్కడి నుంచి తిరిగివచ్చిన వారు ఏమి చెప్పేవారో గమనింపదగినది. యంత్రాల గురించి చెప్పేవారు కారు. "వరసలో నిలబెట్టినారు గాని ఎవ్వరినీ వెనక్కి నెట్టలేదు", "డాక్టరు మంచం దగ్గర కూర్చుని అడిగినాడు" అనేవారు. తమిళదేశంలో ఉన్నా చిత్తూరు సరిహద్దు దగ్గరే కాబట్టి తెలుగు తెలిసిన మనిషి ఎవరో ఒకరు దొరికేవారు. తమ మాట తెలిసినవారు ఒక్కరున్నా చాలునన్నట్టు చెప్పుకునేవారు. డొనబీడియన్ ప్రక్రియ అన్నదీ, చరకుడు జ్ఞాపకత్వం అన్నదీ అరెకరం అమ్ముకున్న రైతు తన మాటలలో అలా చెప్పాడు.

1991 నవంబరు 22న పుట్టపర్తిలో శ్రీ సత్యసాయి ఉన్నత వైద్యశాల ప్రారంభమయింది. గుండె శస్త్రచికిత్సలు పూర్తిగా ఉచితం. సొమ్ము కట్టే కిటికీయే లేని ఆసుపత్రి ఉందన్న వార్త ఉత్తరాంధ్ర పల్లెలలో పాకిన వేగం ఇంతా అంతా కాదు. ఎవరి విశ్వాసం ఏదైనా, అనంతపురం జిల్లా మూలకు పోయే దారి మా పల్లెలకు అట్లా తెలిసింది. అయినా అది కూడా యాత్రే. రాష్ట్రం ఈ కొస నుంచి ఆ కొసకు ప్రయాణం. అప్పు తెచ్చుట, ఇచ్చుట తప్పినా, పోవుట తప్పలేదు.

మూడవ అధ్యాయానికి తేదీ స్పష్టంగా ఉంది: 2007 ఏప్రిల్ 1. ఆ రోజున ఆరోగ్యశ్రీ పథకం మూడు జిల్లాలలో మొదలయింది. మహబూబునగరం, అనంతపురం, శ్రీకాకుళం. వెనుకబడిన జిల్లాల జాబితాలో ఎప్పుడూ ముందుండే మా జిల్లాకు ఒక మంచి పనిలో ముందుండే యోగం పట్టింది. 2008 జూలై నాటికి పథకం విజయనగరంతో సహా రాష్ట్రమంతటికీ విస్తరించింది. అప్పట్లో తెల్లకార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర రూపాయల వరకు, అవసరమైతే మరొక యాభై వేల వరకు వైద్యం అందేది. గుండె శస్త్రచికిత్సలకు అందులో ముఖ్యమైన స్థానం. ఆసుపత్రిలో భోజనం, ఇంటికి పోయేటప్పుడు దారిఖర్చు, పది రోజుల మందులు అందులోనే. ఆరోగ్యమిత్ర అనే పేరుతో ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో ఒకరు, ఆసుపత్రిలో ఒకరు దారి చూపడానికి నియమితులయ్యారు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకం పేరు మారుతూ వచ్చింది. ఎన్టీఆర్ వైద్యసేవ, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, 2024 నుంచి మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ. మావైపు జనం నోట మాత్రం ఆరోగ్యశ్రీ అనే నిలిచిపోయింది.

ఈ పథకం మేలు తక్కువ చేసి చెప్పడం కృతఘ్నత అవుతుంది. రాయవేలూరు పేరు వినడమే గాని పోలేకపోయిన కుటుంబాల పిల్లలు విశాఖపట్నంలో కొత్త కవాటాలతో ఇళ్లకు వచ్చారు. కాని పథకాన్ని పరిశీలించినవారు ఒక సంగతి గుర్తించారు. ఉచితమన్న చికిత్సకు కూడా చాలామంది చేతిలోంచి కొంత ఖర్చు పెట్టవలసి వచ్చింది. చికిత్సకు ముందు పరీక్షలు, తోడువచ్చినవారి తిండి, పోయిన కూలిరోజులు ఏ పథకం లెక్కలోకీ పూర్తిగా ఎక్కవు.

ఇక్కడే సంతృప్తి పత్రం మాట వస్తుంది. ఆరోగ్యశ్రీ కింద చికిత్స చేసిన ఆసుపత్రి తన సొమ్ము రాబట్టుకోవడానికి పంపే కాగితాలలో, రోగి సంతృప్తి చెందినట్టు సంతకం చేసిన పత్రం కూడా ఒకటి. ఆలోచన మంచిదే. రోగి నోటిమాటకు సర్కారు లెక్కలో విలువ కట్టిన సందర్భం అంతకుముందు మా ప్రాంతం చూడలేదు. కాని ఆ పత్రం ఎప్పుడు తీసుకుంటారో ఆలోచించండి. ఇంటికి పంపే ఘడియలో. అడిగేది ఎవరు? చికిత్స చేసిన ఆసుపత్రి మనుషులే. సంతకం పెట్టేది ఎవరు? చావు తప్పించుకొని కన్నీళ్లతో చేతులెత్తి మొక్కుతున్న మనిషి. ఆ ఘడియలో కాదనేవాడుంటాడా? చదువురానివాడైతే వేలిముద్ర. వేలిముద్రలో కృతజ్ఞత ఉంటుంది, భయం ఉంటుంది, ఇంటికి పోవాలన్న తొందర ఉంటుంది. తృప్తి ఎంత ఉన్నదో చెప్పడం బ్రహ్మతరం కాదు.

మరొక కారణం కూడా చెప్పాలి. తృప్తి అనేది ఆశకూ, అందినదానికీ మధ్య ఉండే దూరాన్ని బట్టి ఉంటుంది. ఏమీ ఆశించని చోట ఏది దొరికినా తృప్తే. మా ప్రాంతపు పేదవాని ఆశలు శతాబ్దాల కరువులలో చిన్నవైపోయాయి. నేల మీద పడుకోబెట్టలేదు, కసురుకోలేదు, అంతే చాలు. అందుకని ఉత్తరాంధ్ర రోగి సంతృప్తి అంకెలు ఎక్కువగా కనిపిస్తే అది ఆసుపత్రి గొప్పతనమని వెంటనే చాటరాదు. మా జనం ఓర్పు కూడా అందులో కలిసి ఉంటుంది.

నాణ్యత అసలు పరీక్ష ఇంటికి వచ్చిన తరువాత మొదలవుతుంది. నేను తెలుగు పంతులుగా పనిచేసిన పల్లెలలో, అక్షరం ముక్క తెలిసినవాడినన్న నమ్మకంతో, ఆసుపత్రి నుంచి వచ్చినవారు ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితం తెచ్చి నా ముందు పెట్టేవారు. ఆ కాగితం ఇంగ్లీషులో ఉండేది. చదవమని అడిగేది తెలుగు పండితుణ్ణి! కూడబలుక్కొని మందుల పేర్లు చదివేవాణ్ణి. కాని వాళ్లు అడిగేది పేర్లు కాదు. "ఈ మాత్ర ఎన్నాళ్లు ఏసుకోవాల బాబూ? మానేస్తే ఏటవుతాది?" ఈ రెండు ప్రశ్నలకు జవాబు ఆ కాగితంలో వారి భాషలో ఉండేది కాదు.

ఆ రెండు ప్రశ్నల బరువు తెలియాలంటే లోహపు కవాటం అమర్చిన మనిషిని తలచుకోవాలి. ఆ కవాటం మీద రక్తం గడ్డకట్టకుండా బ్రతికినంతకాలం మాత్ర వేసుకోవాలి. మాత్ర తక్కువైతే గడ్డ కట్టి కవాటం బిగుసుకుపోవచ్చు, పక్షవాతం రావచ్చు. ఎక్కువైతే రక్తస్రావం. అందుకని ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష వైద్యులు చెప్పిన గడువులలో చేయించుకుంటూ మాత్ర మోతాదు సరిచూసుకోవాలి. ఆకుకూరలలో ఉండే కె విటమిను ఆ మందు బలాన్ని తగ్గిస్తుంది. తోటకూర, మునగాకు మానమని కాదు, ఒక వారం మానేసి మరొక వారం గంపెడు తినవద్దని. ఆకుకూర తప్ప మరొక కూర లేని ఇంటికి ఈ సంగతి తెలుగులో చెప్పి పంపవద్దా? ఆ కవాటం ఉన్న ఆడపిల్లకు పెళ్లయి గర్భం వస్తే మందు విషయంలో మొదటి నెలలలోనే వైద్యుని చూడాలి. ఈ మాట ఆమెకు, ఆమె అత్తవారికి ఎవరు చెప్పాలి?

కీళ్లవాతపు జ్వరం వచ్చిన పిల్లలకు మూడు వారాలకొకసారి పెన్సిలిన్ సూది ఏళ్ల తరబడి వేయించాలి. ఖరీదు స్వల్పం. లక్షల శస్త్రచికిత్సను తప్పించగల ఆ సూది కోసం పార్వతీపురం, సీతంపేట మన్యంలోని పిల్ల మూడువారాలకొకసారి కొండ దిగిరావాలి. శస్త్రచికిత్సకు ఆరోగ్యమిత్ర ఉన్నాడు. సూదికి మిత్రుడెవరు? రక్తనాళంలో స్టెంటు వేయించుకున్నవాడు "నాకు నిమ్మళించింది" అని మాత్రలు మానేస్తే స్టెంటు మూసుకుపోయే ప్రమాదం ఉంది. అంటే రోగి పూర్తి తృప్తితో ఉన్న రోజే అతనికి ప్రమాదపు రోజు కావచ్చు! తృప్తికీ నాణ్యతకూ ఉన్న భేదం ఇంతకంటె తేటగా చెప్పలేను.

నిర్మాణం అనే మొదటి కోణంలో మా ప్రాంతం ఈ ఇరవై ఏళ్లలో చాలా దూరం నడిచింది. నెల్లిమర్లలో మహారాజా వైద్యవిజ్ఞాన సంస్థ 2002లో, శ్రీకాకుళంలో రిమ్స్ 2008లో, విజయనగరంలో ప్రభుత్వ వైద్యకళాశాల 2023లో మొదలయ్యాయి. 2017 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వం స్టెంట్ల ధరలకు కళ్లెం వేసింది. లక్ష దాటి పలికిన మందుపూత స్టెంటు 29,600 రూపాయలకు, మామూలు స్టెంటు 7,260 రూపాయలకు దిగివచ్చాయి. గుండెపోటు వచ్చిన మనిషికి రక్తపు గడ్డను కరిగించే సూదిమందును, సుమారు 40 వేల రూపాయల విలువైనదానిని, చిన్న ప్రభుత్వాసుపత్రులలోనే ఉచితంగా ఇచ్చే పథకాన్ని 2023లో రాష్ట్రప్రభుత్వం ప్రయోగంగా ఆరంభించి తరువాత విస్తరించింది. ఇచ్ఛాపురం నుంచి విశాఖపట్నం రెండు వందల కిలోమీటర్ల పైమాటే. గుండెపోటులో నిమిషాలు లెక్క. కనుక ఈ సూది సోంపేటలో, పలాసలో, పాలకొండలో అందుబాటులో ఉండడం మూడంతస్తుల భవనం కంటె పెద్ద నిర్మాణం.

అయితే ఆ సూది అందాలంటే రోగి సమయానికి రావాలి. "గేసు పట్టేసింది" అని సోడా తాగి పడుకున్నవాడు రాడు. ఛాతీలో బిగింత, ఎడమచేతికి లాగు, చెమటలు: వీటిని మావాళ్లు తమ మాటలలో "గుండె పట్టేసినట్టుంది", "గాభరాగా ఉంది" అంటారు. ఆ మాట విన్న చోట గీత తీయాలి. అప్పుడే చరకుని నాలుగవ పాదం నేలమీద నిలుస్తుంది.

చివరగా ఒక విన్నపం. సంతృప్తి పత్రాన్ని తీసివేయమని నేననను. దాని వేళను, ప్రశ్నలను మార్చమంటాను. ఇంటికి పంపే రోజున కాక, ఆరునెలల తరువాత, ఆసుపత్రివారు కాక ఊరిలోని ఆరోగ్యకార్యకర్త, రోగి అరుగు మీద కూర్చొని అడగాలి. నీ జబ్బేమిటో నీకు తెలుగులో చెప్పారా? ఏ మాత్ర ఎందుకు, ఎన్నాళ్లు వేసుకోవాలో చెప్పగలవా? పోయిన పరీక్ష ఎప్పుడు చేయించుకున్నావు? ఈ మూడింటికీ జవాబు వచ్చిన చోట వేలిముద్ర అక్కరలేదు.

చదువరులలో వైద్యులున్నారు, మాటలు పుట్టించే భాషాభిమానులున్నారు. గుండె ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లే మనిషి చేతిలో పెట్టదగిన ఒక్క పేజీ తెలుగు కాగితం మనం కలిసి రాయలేమా? పెద్ద పెద్ద పారిభాషిక పదాలు వద్దు. పాలకొండ సంతలో కూరలమ్ముకునే అమ్మకు చదివి వినిపిస్తే బోధపడాలి. నేను నాలుగు వాక్యాలు మొదలుపెట్టి ఉంచాను. వైద్యం తెలిసినవారు తప్పులు దిద్దితే, మిగిలినవారు మాటలు తేలిక చేస్తే, అది ఏదో ఒక ఇంటి గూట్లో, మందుల డబ్బా పక్కన ఉంటుంది.